నాలుగో మైకు

ముందు మనిషి లేని మైకుని తెరిచి ఉంచకూడదు. సౌండ్ పని నేర్చుకుంటానని నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదట చెప్పిన మాట ఇదే. తెరిచి ఉంచితే గాలి పడుతుంది, జనరేటర్ మోత పడుతుంది, స్టేజీ పక్కన వంటవాళ్ళ తిట్లు పడతాయి, చివరికి కుయ్యిమని కూత పెట్టి నలుగురిలో మన పరువు తీస్తుంది. గుంటూరు నుంచి ఒంగోలు దాకా పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ కాలేజీ ఫంక్షన్లకీ బాక్సులు మోసుకెళ్ళి, మిక్సర్ ముందు కూచుని జుట్టు తెల్లబడ్డవాణ్ణి. ఆ నియమాన్ని ఒకే ఒక్క కుటుంబం కోసం తప్పాను. ఈ సంగతి ఎప్పుడు మొదలుపెట్టినా మా ఆవిడ "వయసు మీద పడిందిలే" అని కాఫీ గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది. మీరైతే కాఫీ ఇచ్చి నా నోరు మూయించలేరు కదా, అందుకని రాస్తున్నాను.

ఆ కుటుంబం పాట మీరు వినే ఉంటారు. పేర్లు చెప్పను. ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్ళు. వాయిద్యాలేమీ లేకుండా మూడు గొంతులూ కలిపి పాడేవాళ్ళు, తాళానికి మాత్రం ఒకతను ప్యాడ్స్ వాయించేవాడు. "కళ్ళంలో మిరపపండు కన్నెర్ర చేసింది, కన్నీళ్ళు నావి కావే, ఘాటువే పిల్లా" అని వాళ్ళే కట్టుకున్న పాట ఒకటి ఉంది. ఒకప్పుడు మా జిల్లాల్లో ఆ పాట మోగని పెళ్ళి లేదు. ఏ వాయిద్యం ఆసరా లేకుండా శృతి ఒక్క పిసరు కూడా జారకుండా ఎలా పాడతారో అని జనం ముక్కున వేలేసుకునేవారు. నేనూ వేసుకున్నాను.

వాళ్ళ నాన్నా నేనూ ఒకే ఊరివాళ్ళం. నన్ను బావా అనేవాడు కాబట్టి పిల్లలకి నేను మావయ్యని. వాళ్ళు ముస్లిములు, మేము కాదు. మా ఊళ్ళో వరసలకి అది ఎప్పుడూ అడ్డం రాలేదు. తాతల నాటినుంచీ వాళ్ళింట్లో సన్నాయి ఉంది. గుళ్ళో ఉత్సవాలకీ పెళ్ళిళ్ళకీ వాళ్ళ మేళమే. అందులో ఆయన పని శృతి పట్టడం. ముందు ఇద్దరు సన్నాయి వాయిస్తుంటే వెనక కూచుని ఒకే ఒక్క స్వరాన్ని, మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా, తెగకుండా ఊదుతూ ఉండాలి. చప్పట్లు ఆయనకి రావు. ఫొటోల్లో కూడా ఆయన బుగ్గ ఒక్కటే పడేది.

"జన్మలో ఇంకో స్వరం వాయించావా బావా?" అని ఏడిపించేవాణ్ణి.

"నేను కదిలితే వాళ్ళు తిరిగి ఎక్కడికి రావాలి బావా?" అనేవాడు.

ఆయనకి ఒక పంతం ఉండేది. వాయించేవాళ్ళు శృతి పట్టేవాడి వైపు తిరిగి చూడకూడదు. చూశారంటే, ఉన్నాడా లేడా అని అనుమానపడ్డట్టే. "అనుమానం ఉన్నచోట నేనెందుకు కూచోవాలి?" అనేవాడు. ఒకసారి అమరావతి గుళ్ళో ఉత్సవం జరుగుతోంది. నేను మైకులు పెట్టాను. కొత్తగా చేరిన కుర్ర సన్నాయి వాయిస్తూ వాయిస్తూ వెనక్కి తిరిగి చూశాడు. అంతే. ఈయన ఊదడం ఆపేశాడు. సన్నాయిని గుడ్డలో చుట్టుకున్నాడు, చెప్పులేసుకున్నాడు, చక్కా బస్టాండుకి నడిచి వెళ్ళిపోయాడు. కోపంగా ఒక్క మాట అన్లేదు. పూజారిగారు వెనకాల కేకేస్తూ వెళ్ళినా ఆగలేదు.

ఇంట్లో కూడా అదే పద్ధతి. పిల్లలు సాధన చేస్తుంటే ముందు వాళ్ళు, వెనక ఈయన. వెనక్కి చూడకూడదు. శృతి వినబడుతోందా అని ఒకళ్ళనొకళ్ళు అడగకూడదు. అన్నం తింటూ కూడా ఆ మాట ఎత్తడం ఆ ఇంట్లో తప్పే.

ఆయన మిరపకాయలు కళ్ళాల మీద ఎండే రోజుల్లో పోయాడు. ఊరంతా ఘాటు. చూడ్డానికి వచ్చిన ప్రతివాడి కళ్ళలోనూ నీళ్ళే, ఎవరు నిజంగా ఏడుస్తున్నారో చెప్పలేకపోయాం. నేను నిజంగానే ఏడ్చాను.

మరుసటి ఏడు పిల్లలు పాడదామనుకుంటున్నామని నా దగ్గరికి వచ్చారు. స్టూడియోకి వెళ్ళే స్తోమత లేదు. నాకు తెలిసిన ఒకాయనకి గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది. పాత మిరప బస్తాలు అమ్ముడుపోయి కొత్తవి రాకముందు అక్కడ మెషిన్లు ఆపేసి, గదులు కడిగి ఆరబెడతారు. ఖాళీ గదిలో గొంతు విప్పితే గోడలే దాన్ని గుండ్రంగా చేసి తిరిగిస్తాయి. అక్కడికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం పూట. ముగ్గురికీ మూడు మైకులు పెట్టి, వైర్లు బయటికి లాగి, ఆ మందపాటి తలుపు వీలైనంత దగ్గరికి వేసి నేను వరండాలో కూచున్నాను.

పాట అయ్యాక అందరం బయట చేరి రికార్డింగు పెట్టుకుని విన్నాం. గొంతులు మూడే. కానీ వాటి అడుగున ఇంకోటి ఉంది. మాట లేదు, మెలిక లేదు. ఒకే స్వరం, మొదలు నుంచి చివరిదాకా.

కోల్డ్ స్టోరేజీ యజమాని లెక్క పెట్టుకున్నట్టు పిల్లల వంక చూశాడు. "నాలుగో ఆయన ఏడీ? ఇంకా బయటికి రాలేదేంటండీ?" అన్నాడు. అని ఊరుకోకుండా టార్చి పట్టుకుని లోపలికి వెళ్ళాడు, పాపం ఎవరో చీకట్లో ఉండిపోయారని.

లోపల ఎవరూ లేరు. వైర్లు చుట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. కడిగిన గదే అయినా గోడల్లో పాత మిరప వాసన. చెయ్యి ఆనిస్తే గోడ సన్నగా అదిరింది. మెషిన్లు ఆపేసి ఉన్నాయని చెప్పాను కదా. గబగబా వైర్లు లాక్కుని బయటికి వచ్చేశాను. చుట్టడం బయటే చేశాను.

ఆ పిల్లలు ముగ్గురూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. చిన్నమ్మాయి మాత్రం కాసేపటికి నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టు అడిగింది.

"మావయ్యా, ఈసారి నుంచి నాన్నకి కూడా ఒక మైకు పెడతావా?"

పెద్దవాళ్ళిద్దరూ విన్నారు. వద్దని అన్లేదు. అలా మొదలైంది.

ఆ రికార్డింగుని ఎవరో వీడియోగా పెడితే, అది ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత వాళ్ళకి తీరుబడి లేదు, నాకూ లేదు. ప్రతి స్టేజీ మీదా ముగ్గురి పక్కనే ఒక స్టూలు, స్టూలు ముందు నాలుగో మైకు. పాడేటప్పుడు ముగ్గురిలో ఎవరూ దాని వంక చూసేవాళ్ళు కాదు. దాని శబ్దం నేను జనంలోకి వదిలేవాణ్ణి కాదు, అంత పిచ్చివాణ్ణి కాను. కానీ ఛానల్ తెరిచి ఉంచేవాణ్ణి. మిక్సర్ మీద ప్రతి మైకుకీ ఒక చిన్న ఆకుపచ్చ లైటు ఉంటుంది. శబ్దం తగిలితే వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. పాడేవాళ్ళవి మినుకు మినుకుమంటాయి, ఎందుకంటే మనిషి ఊపిరి తీసుకోవాలి. నాలుగోది మినుకుమనేది కాదు. పాట మొదలవగానే వెలిగి, పాట అయ్యేదాకా నిలకడగా ఉండేది.

అన్నీ చేసి చూశాను. మైకు మార్చాను, వైరు మార్చాను, వేరే ఛానల్లో గుచ్చాను. జనరేటర్ని దూరంగా పెట్టించాను. పక్కవాళ్ళ గొంతు పడుతోందేమోనని స్టూలుని ఆ చివరికి జరిపాను. ఇప్పటికీ ఎవడైనా చదువుకున్న ఇంజనీరు వచ్చి ఫలానా కారణం అని చెబితే, వాడికి మా ఇంట్లో భోజనం పెడతాను.

మా ప్యాడ్స్ అతను నరసరావుపేట వైపు మనిషి, వెటకారం ఎక్కువ. "అన్నా, స్టూలుగారికి టిఫిన్ కూపన్ తీసుకోమంటావా?" అని రోజూ ఏదో ఒకటి అనేవాడు. వాడరేవులో ఒక హోటలువాళ్ళ ప్రోగ్రాంలో స్టేజీ ఇరుకైంది. పాట నడుస్తుండగానే కాస్త చోటు కోసం ఇతను లేచి స్టూలు పక్కకి జరపబోయాడు. రెండు చేతులతో పట్టుకున్నవాడు ఠక్కున వదిలేసి వచ్చి తన చోట్లో కూచున్నాడు. తాళం రెండుసార్లు తప్పాడు.

దిగాక నా దగ్గరికి వచ్చి, "వెచ్చగా ఉందన్నా," అన్నాడు.

"ఏంటి?"

"స్టూలు. ఇప్పుడే ఎవరో లేచినట్టు." అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ కూపన్ల జోకు వెయ్యలేదు.

ఇక చెడింది ఎలాగంటే, పేరు వచ్చాక అన్ని ఇళ్ళలో చెడ్డట్టే చెడింది. హైదరాబాదు నుంచి ఒక పాటల కంపెనీవాళ్ళు కబురు పెట్టారు. ముగ్గురినీ తీసుకుంటామన్నారు. ముందు ఒక ప్రోగ్రాం కళ్ళారా చూస్తామన్నారు. ఖాళీ స్టూలు మాత్రం ఉండకూడదన్నారు, జనం దయ్యాల బృందం అని వీడియోల కింద రాస్తున్నారట. అన్నకి ఆ పిలుపు ప్రాణం. తండ్రి పోయినప్పటి నుంచీ ఇల్లు నడుపుతున్నవాడు, చెల్లెళ్ళ కోసం తన చదువు మానుకున్నవాడు. వాడి ఆశ తప్పని నేననను. చిన్నదానికి ఆ స్టూలు ప్రాణం. నాన్న లేని స్టేజీ తను ఎక్కనంది. మధ్యలో పెద్దమ్మాయి నలిగిపోయేది.

కంపెనీవాళ్ళు చూడ్డానికి వచ్చింది చీమకుర్తిలో. గ్రానైట్ వ్యాపారి ఇంట్లో పెళ్ళి, రిసెప్షన్ ఆయన ఫ్యాక్టరీ ఆవరణలోనే. స్టేజీ వెనక పెద్ద పెద్ద రాళ్ళు ఇళ్ళంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆ సాయంత్రానికి లారీలు ఆపేశారు, రాళ్ళు కోసే మిషన్లు ఆపేశారు. ఎప్పుడూ చెవులు దిమ్మెక్కించే చోటు అంత నిశ్శబ్దంగా ఉంటే ఒళ్ళు జలదరించింది. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు.

మేకప్ గదిలో గొడవ మొదలైంది. స్టూలు ఉండదు అన్నాడు అన్న. అయితే నేనూ ఉండను అంది చిన్నది. నేను పెద్దమనిషి వేషం కట్టి ఒక దారి చెప్పాను. స్టూలు పక్కన కాకుండా ముగ్గురి వెనక, చీకట్లో పెడదాం, మైకుకి నల్లగుడ్డ చుడదాం, జనానికి కనబడదు. సరే అనుకున్నారు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ అన్న ఆగలేకపోయాడు.

"నాన్న పోయాడే. మట్టి నేను వేశాను. అంత నమ్మకం ఉంటే పాడుతూ పాడుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. ఉన్నాడో లేడో నీకే తెలుస్తుంది."

పెద్దమ్మాయి చేతిలో జడపిన్నులు కింద పడ్డాయి, తీసుకోలేదు. అంతవరకూ ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ అనని మాట అది. అన్నవాడి మొహమే పాలిపోయింది.

స్టేజీ ఎక్కారు. రెండు పాటలు అద్భుతంగా వచ్చాయి. కంపెనీవాళ్ళు ముందు వరసలో తలలూపుతున్నారు. మూడోది మిరపపండు పాట. చరణం అయ్యాక ముగ్గురూ కింది స్వరం మీద నిలబడే చోటు ఒకటి ఉంటుంది. అక్కడికి వచ్చారు. నిలబడ్డారు. చిన్నది పాడుతూనే మెల్లగా తల వెనక్కి తిప్పింది.

తిప్పి, అలాగే ఉండిపోయింది. గొంతు ఆగింది. మిగతా ఇద్దరి గొంతులూ రెండు క్షణాలు నిలబడి, ఒకటి అటూ ఒకటి ఇటూ జారాయి. రాట పీకిన పందిరిలా పాట కూలిపోయింది. జనం ఇదంతా ప్రోగ్రాంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. వెనక ఆ రాళ్ళు చప్పట్లని తిరిగి మా మీదకే విసిరాయి.

మేకప్ గదికి పరిగెత్తాను. చిన్నది గోడకి ఆనుకుని కింద కూచుని ఉంది.

"ఎవరూ లేరు మావయ్యా," అంది. "వట్టి స్టూలు."

అన్న తల పట్టుకున్నాడు. "నన్ను తిట్టు మావయ్యా. నాకు మొదట్నించీ ఏమీ వినబడలేదు. కోల్డ్ స్టోరేజీలో కూడా, రికార్డింగులో తప్ప, పాడేటప్పుడు వినబడలేదు. చిన్నదానికి వినబడుతోందనుకున్నా. దాని గొంతు పట్టుకుని పాడుకుంటూ వచ్చా."

"నాకా?" చిన్నది కళ్ళెత్తింది. "నాకు ఎప్పుడు వినబడింది? నేను అక్క గొంతు పట్టుకున్నా. అక్కకి వినబడుతుంది కదా అనే నా ధైర్యం."

ఇద్దరూ పెద్దమ్మాయి వైపు తిరిగారు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నేను అన్నయ్య గొంతు పట్టుకున్నాను," అంది.

అప్పుడు అర్థమైంది నాకు. అడగకూడని ఇల్లు కాబట్టి ఎవరూ అడగలేదు. ముగ్గురూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని అన్నేళ్ళు నడిచారు, ముందు నడిచేవాడు ఎవడూ లేకుండానే. పెళ్ళివారు మళ్ళీ పాడమని కబురు పెట్టారు. సరే, ఇక్కడే ఒకసారి పాడుకుని చూడండర్రా అన్నాను. ముగ్గురూ నిలబడ్డారు. ఎవరు మొదలుపెడతారా అని ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ మొదలుపెట్టలేదు. నేను బయటికి వచ్చేశాను.

కలిసి పాడటం అదే ఆఖరు. కంపెనీ పెద్దమ్మాయిని ఒక్కదాన్నే తీసుకుంది, ఇప్పుడు వాద్యాల ఆసరాతో బాగానే పాడుతోంది. అన్న అదే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా చేరాడు. ఖాళీ గదుల్లోకి ఒంటరిగా వెళ్ళడని అక్కడివాళ్ళు నవ్వుకుంటారు. చిన్నది చీరాల కోడలైంది. పాట పూర్తిగా మానేసింది. కూనిరాగం కూడా తియ్యదని వాళ్ళాయన నాతో అన్నాడు.

ఇక నేను చూసింది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నేను స్టేజీ వంక కాదు, మిక్సర్ వంక చూస్తున్నాను. నాలుగో లైటు మొదటి పాట నుంచీ నిలకడగా వెలుగుతోంది, ఎప్పటికన్నా ప్రకాశంగా. ఆ పిల్ల తల తిరిగిన క్షణాన ఆరిపోయింది. గొంతు ఇంకా ఆగకముందే. తగ్గుతూ తగ్గుతూ ఆరలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయినట్టు పోయింది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం చిన్నది మా ఇంటికి వచ్చింది, చంకలో నెలల పిల్ల. నేను పని మానేశాక సామానంతా వెనక గదిలో దుప్పటి కప్పి పడేశాను. కరెంటు కూడా తీయించేశాను ఆ గదికి. మేం ముగ్గురం ఆ గది తలుపుకి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి వరండాలో కూచున్నాం. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి మాట్లాడకుండా వట్టినే జోకొడుతోంది.

"ఓ జోల పాడవే పిల్లా, వట్టినే బాదితే నిద్రపోతుందా?" అంది మా ఆవిడ.

"పాడనత్తయ్యా." వీధిలోకి చూస్తూనే నన్నడిగింది. "మావయ్యా, ఆ రోజు నీ మిక్సర్ మీద నాలుగో మైకు లైటు వెలిగిందా?"

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"నేను చూశాననే నాన్న లేచి వెళ్ళిపోయాడేమోనని. ఇన్నేళ్ళూ అదే భయం మావయ్యా. పాడదామని నోరు తెరిస్తే, నేను తరిమేశాననిపిస్తుంది."

"వెలగలేదమ్మా," అన్నాను. "ఆ రోజు మొదట్నించీ వెలగలేదు. నల్లగుడ్డ చుట్టినప్పుడు వైరు ఊడినట్టుంది."

"నిజంగా?"

"నా మిక్సర్ మీద ఒట్టు."

మా ఆవిడ నా వంక అదోలా చూసింది. ఆ పిల్ల కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పిల్లని భుజాన వేసుకుని మెల్లగా రాగం తీసింది. మొదట గొంతు ఎటూ నిలవలేదు. చీకట్లో గోడ తడుముకున్నట్టు పైకీ కిందకీ తిరిగింది. తర్వాత ఒకచోట ఆనింది. ఆని, స్థిరపడింది. ఎప్పటి గొంతో అదే, ఒక్క పిసరు జారకుండా. పిల్ల ఏడుపు మానింది.

అప్పుడు వినబడింది నాకు. పాట అడుగున, మా వీపుల వెనక, ఆ కరెంటు లేని గదిలోంచి. ఒకే స్వరం.

చేటలో బియ్యం ఏరుతున్న మా ఆవిడ చెయ్యి ఆగింది. నెమ్మదిగా తల వెనక్కి తిప్పబోయింది. నేను గభాలున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చూడకు," అన్నాను మెల్లగా. "పిల్లని పాడుకోనీ."